రుచి చూడని న్యాయనిర్ణేతలు

స్విట్జర్లాండ్‌లో లోజాన్ నుంచి వెవే ఊరికి రైల్లో పావుగంట ప్రయాణం. కుడివైపు కిటికీ దొరికితే జెనీవా సరస్సు, దాని అవతలి ఒడ్డున ఫ్రాన్సు కొండలు. ఎడమవైపు దొరికితే రాతి గోడలు. నేను ఎడమవైపే కూర్చున్నాను. సరస్సులు ఇంకెక్కడైనా చూడొచ్చు. నీటి అంచు నుంచి కొండ నెత్తి దాకా మెట్లు మెట్లుగా గోడలు కట్టి, ఒక్కో మెట్టు మీద నాలుగైదు వరసల ద్రాక్ష పెంచిన నేల మాత్రం నాకు కొత్త. లావో అంటారు దీన్ని. ఈ మెట్ల చరిత్ర మఠాలవాళ్లు ఇక్కడి భూములు ఏలుకున్న 11వ శతాబ్దం దాకా వెళ్తుంది. గోడలన్నీ కలిపి కొలిస్తే 400 కిలోమీటర్లకు పైనే వస్తాయట. 2007లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

లోజాన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు దుబాసీగా వెంట వచ్చింది. "మావయ్యా, నువ్వేమో వైన్ పండగ గురించి రాస్తానంటున్నావు. అక్కడ ఎంపిక చేసేవాళ్లు గ్లాసే ముట్టుకోరు, తెలుసా?" అంది.

నిజంగా తెలియదు. వైన్ పండగలకు వైనరీలను పిలవడంలో నాకు తెలిసిన పద్ధతులు రెండే. స్టాలుకి అద్దె కట్టినవాడికల్లా చోటివ్వడం ఒకటి. సీసాల పేర్లు కనపడకుండా కప్పేసి, నిపుణులచేత రుచి చూపించి, మార్కులు వేయించడం ఇంకొకటి. ఈ వో రాష్ట్రంలో రెండూ ఉన్నాయి. పెంతెకొస్తు పండగ సెలవుల్లో వందల వైనరీలు తలుపులు తెరుస్తాయి. జనం గ్లాసు కొనుక్కుని ఊరూరా తిరుగుతారు. ఇక్కడి ముఖ్యమైన తెల్లద్రాక్ష షాస్లా. దానికోసమే ఎగ్ల్ కోటలో 2012 నుంచి అంతర్జాతీయ పోటీ జరుగుతోంది. స్థానిక వైన్లకు తెరావాన్ అనే నాణ్యత ముద్ర ఉంది. పేరు చూడకుండా రుచి చూసే పరీక్షలో నెగ్గిన వైన్‌కే ఆ ముద్ర. ఇవన్నీ అర్థమయ్యే సంగతులే.

వెవే పండగ దారి వేరు. దాని పేరు ఫెత్ దే వీన్యెరోన్, అంటే ద్రాక్ష సాగుదార్ల పండగ. తరానికోసారి వస్తుంది. 1797లో మొదలై 2019 దాకా జరిగినవి పన్నెండంటే పన్నెండు. 1955 తర్వాత 1977, ఆపైన 1999, ఆపైన 2019. నడిపేది కాన్ఫ్రెరీ దే వీన్యెరోన్ అనే పాత సంఘం. దాని దస్తావేజులు 17వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. "ప్రార్థించు, పనిచెయ్యి" అన్న లాటిన్ మాట దాని నినాదం. ప్రార్థన సంగతేమో గానీ, పని విషయంలో మాత్రం మహా పట్టుదల.

సంఘం మ్యూజియం ఊళ్లోని పాత కోటలో ఉంది. పండగల్లో వేసిన దుస్తులు, బొమ్మలు, పతకాలు, అద్దాల బీరువాలు. వేషాలు ముచ్చటగానే ఉన్నాయి గానీ నేను వాటి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. నాకు కావలసింది పతకాల వెనకున్న లెక్క.

లెక్క ఇదీ. లావోలో, దాని పక్కనున్న షాబ్లేలో తోట యజమాని వేరు, తోట చేసేవాడు వేరు కావడం పాత అలవాటు. చేసేవాణ్ణి తాష్‌రోన్ అంటారు. రోజుకూలీ కాదు, గుత్తకు పని పట్టినవాడు. యజమాని ఒప్పుకుని తన తోటను సంఘం తనిఖీకి పెడతాడు. సంఘం నిపుణులు ఏడాదిలో కొన్ని విడతలు వచ్చి వరసల మధ్య నడుస్తారు. కత్తిరింపు ఎలా ఉంది, తీగ ఎలా కట్టాడు, పక్క పిలకలు సమయానికి గిల్లాడా, నేల ఎలా ఉంచాడు, ఇవన్నీ చూసి మార్కులు వేసుకుంటారు. మూడేళ్లకోసారి ఆ మార్కులు కూడి పతకాలిస్తారు. పండగ ఏడాది వస్తే, అందరికంటే మిన్నగా నిలిచినవాడికి వేల మంది ఎదుట కిరీటం. ఆ పాటలు, ఆటలు, ఊరేగింపులు అన్నీ ఈ కిరీటం చుట్టూ పెరిగినవే. 2016లో యునెస్కో ఈ పండగనీ గుర్తించింది.

ఈ మొత్తంలో వైన్ ఎక్కడా లేదు! పీపా తెరవరు, సీసా తెరవరు. మొదట నాకిది విడ్డూరంగా తోచింది. కొండ ఎక్కాక తోచలేదు.

వెవే నుంచి సాన్ సాఫోరాన్ ఊరికి తోటల మధ్యగా కాలిబాట ఉంది. జూన్ నెల, తీగలు తెగ సాగే కాలం. హైదరాబాదు శివార్లలో ఒకప్పటి అనాబ్‌షాహీ తోటలు నాకు గుర్తే. తలెత్తితే పందిరి, పందిరి నిండా గుత్తులు, కింద చల్లటి నీడ. ఇక్కడ పందిరి లేదు. తీగ నడుము ఎత్తు దాటదు. దాని కింద పని చేయాలంటే నడుం వంచాల్సిందే. పైనుంచి ఎండ, సరస్సు నీళ్ల మీంచి ఎండ, గోడ రాళ్లలోంచి వేడి. ఇక్కడివాళ్లు మూడు సూర్యులంటారు. ద్రాక్షకు అది వరం. మనిషికి కాదు.

ఒక మలుపులో ఒకాయన కొత్త రెమ్మల్ని తీగల మధ్యకు దోపుతూ కనిపించాడు. అరవైకి దగ్గరగా ఉంటాడు. మా మేనకోడలు పలకరించి, ఏ ఏడాది వైన్ బాగా వచ్చిందని నా తరఫున అడిగింది.

"వైన్ సంగతి కింద కొట్టువాళ్లను అడగండి. నన్ను ఈ వరస గురించి అడగండి" అన్నాడు.

అడిగాను. అప్పుడు మాట ఆగలేదు. ఏ రెమ్మ ఉంచాడో, ఏది తీశాడో, వచ్చే ఏటి కత్తిరింపు ఇప్పుడే ఎందుకు ఆలోచించాలో వేలు పెట్టి చూపించాడు. పూర్వం ఈ ఆకు పనికి సరస్సు అవతలి సవోయ్ నుంచి ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవారట. తనిఖీకి వచ్చేవాళ్లంటే భయమా అన్నాను. "భయం దేనికి? వాళ్లూ ద్రాక్ష తెలిసినవాళ్లే. వడగళ్లు పడితే పంట పోతుంది, అది నా తప్పు కాదని వాళ్లకు తెలుసు. రుచి చూసేవాడికి తెలియదు."

నాకు అక్కడ తలకెక్కింది. వైన్ మంచిదైతే ఆ గొప్ప ఎండదో, నేలదో, సెల్లార్ మేస్త్రీదో, ఎవరిదైనా కావచ్చు. చెడ్డదైనా అంతే. తీగ కట్టిన చెయ్యి మాత్రం ఒక్కరిదే. పని ఎవరిదో ఖాయంగా తేలే చోటికే వెళ్లి మార్కులు వేస్తున్నారు వీళ్లు. గ్లాసు ముందు కూర్చునే నిపుణుల కంటే ఇది న్యాయమైన పద్ధతి అని నాకనిపిస్తుంది.

అలాగని లోటు లేదనను. కిరీటం ఇరవై ఏళ్లకోసారి. రెండు పండగల మధ్య నడుము గట్టిగా ఉన్నవాడికి పతకమే దక్కుతుంది, కిరీటం దక్కదు. "మళ్లీ పండగకి నాకు ఎనభై" అని ఆయనే నవ్వాడు. పండగేమో ఏనాడో తోటను మించిపోయింది. 2019లో వెవే సంతవీధి మైదానంలో 20,000 మంది పట్టే రంగస్థలం కట్టారు, దర్శకుడు దానియేలె ఫింజి పాస్కా. వేల మంది స్థానికులు నటించారు. అయిపోయాక లెక్క చూస్తే కోటిన్నర ఫ్రాంకుల దాకా నష్టం తేలింది. గుత్తపనివాణ్ణి గౌరవించడానికి అంత పందిరి కావాలా అని అడిగేవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కొండ ఇంకా ద్రాక్షతోటగానే మిగలడం పతకాలవల్ల కాదు, ఓట్లవల్ల. ఇళ్ల స్థలాలుగా మారకుండా కాపాడాలని ఫ్రాంజ్ వెబర్ అనే ఉద్యమకారుడు పట్టుబడితే, 1977లో వో ప్రజలు ఓటేసి ఆ రక్షణను ఒప్పుకున్నారు. అనాబ్‌షాహీ పందిళ్లకు అలాంటి ఓటు ఎవరూ పెట్టలేదు. ఆ తోటలు ప్లాట్లయ్యాయి.

సాయంత్రానికి రివా ఊళ్లో ఒక వైన్ దుకాణానికి చేరాం. షాస్లా రుచి చూశాను. తేలికగా, పుల్లదనం పెద్దగా లేకుండా, నాలుక మీద నిలవకుండా జారిపోతుంది. స్విస్ వైన్‌లో దేశం దాటేది నూటికి ఒకటో రెండో వంతు మాత్రమే. మిగతాది వాళ్లే తాగేస్తారు, తప్పు పట్టలేం. సీసా తిప్పి చూశాను. యజమాని ఇంటి పేరు బంగారు అక్షరాల్లో ఉంది. ఊరి పేరు, సంవత్సరం, తెరావాన్ ముద్ర ఉన్నాయి.

"ఈ తోట చేసింది ఎవరు?" అని అడిగించాను.

కౌంటర్ దగ్గరున్నావిడ సీసా తీసుకుని వెనక వైపు చదివింది. మళ్లీ ముందు వైపు చదివింది. "ఇక్కడ వేయరండీ. యజమానిని అడగాలి. లేదంటే కాన్ఫ్రెరీ వాళ్ల దగ్గర ఉంటుంది, మార్కులతో సహా" అంది.

మా మేనకోడలు ఆ సీసాతో పాటు ఇంకోటి కూడా కొంది.