కచ్చేరిలో నిగ్రహము

కచ్చేరి గడప త్రొక్కుట స్త్రీలకు తలవంపని పెద్దలు చెప్పుచుండిరి. అన్యాయమును సహించి యూరకుండుట అంతకన్న తలవంపని మా యభిప్రాయము. అయినను అచ్చట మెలగవలసిన తీరెఱుగనిచో, న్యాయము మన పక్షమున నున్నను చేజాఱిపోవచ్చును. ఈ సంగతి మా చెల్లెలి వ్యాజ్యమున మేము కన్నులార చూచితిమి.

భార్యాభర్తల తగవులను విచారించు కుటుంబ న్యాయస్థానములు 1984వ సంవత్సరపు చట్టమువలన నేర్పడినవి. అచ్చట తొలుత రాజీకి యత్నింతురు. ఉభయులలో నొకరు కోరినను విచారణను తలుపులు మూసి జరుపుదురు. 1987వ సంవత్సరపు చట్టము ననుసరించి స్త్రీలు, ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. అయితే వకీలున్నను, బోనెక్కినపుడు మన మాట మనమే చెప్పుకొనవలెను.

మా చెల్లెలు తన యైదేండ్ల కుమారుని తనకడ నుంచుకొనగోరెను. ఎదుటి పక్షపు వకీలు, "పిల్లవాడికి జ్వరం వచ్చినప్పుడు మీరు పుట్టింట్లో ఉన్నారు కదా?" అని యడిగెను. అంతట నామె యత్తింటి కష్టములన్నియు నేకరువు పెట్టి, భర్తవైపు వ్రేలు చూపి, బిగ్గరగా నేడ్చెను. న్యాయాధిపతి రెండుమాఱులు మందలించిరి. ఆనాడు పిల్లవాడును ఆమెతోడనే యుండెనన్న ముఖ్యమైన మాట మాత్రము వెలికి రానేలేదు. మిగిలిన ప్రశ్నలకు వాయిదా వేసిరి.

ఆ రాత్రి మేమిద్దఱము పెట్టె వెదకి, ఆసుపత్రి చీటీలను తేదీల వరుసను కూర్చి, పిమ్మట వకీలుచే దాఖలు చేయించితిమి. మరుసటి వాయిదాకు అదే ప్రశ్న మరల రాగా, ఆమె తుదివఱకు విని, న్యాయాధిపతివైపు చూచి, "ఉన్నానండి. బాబు కూడా నాతోనే ఉన్నాడు. ఆసుపత్రి చీటీ దాఖలు చేశాము" అనెను. వకీలు వేఱొక ప్రశ్నకు పోయెను.

కనుక సోదరీమణులారా, పిలుపునకు ముందే చేరుడు. హాజరు కానిచో ఏకపక్షముగ తీర్పు కావచ్చును. సెల్‌ఫోను మ్రోగకుండ ఆపివేయుడు. అడిగినదానికే బదులు పలుకుడు. ప్రశ్న బోధపడనిచో మరల నడుగుడు, తెలియనిది తెలియదనుడు. వసారాలో ఎదుటివారితో వాదులాడకుడు. అన్నిటికన్న ముఖ్యముగా, బిడ్డకు తండ్రిమీద మాటలు నేర్పి తీసికొనిపోకుడు.

పిల్లవాడు తల్లికడ నుండుటకును, ఆదివారములు తండ్రి వచ్చి తీసికొనిపోవుటకును తీర్పైనది. తొలి ఆదివారమున మా చెల్లెలు బిడ్డకు తల దువ్వి, క్రొత్త చొక్కా తొడిగి, తానే గుమ్మమువఱకు తెచ్చి యప్పగించెను. కచ్చేరిలో నేర్చిన నిగ్రహము ఇంట నక్కఱకు వచ్చుట మేమానాడు చూచితిమి.