మళ్ళీ పుల్ల పట్టాను

రాద్దాం రాద్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది సీతంపేట ఏజెన్సీ, సవరలం. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదట. చిన్నప్పుడు తాత ఎర్రమట్టి గోడ మీద బొమ్మలు వేస్తుంటే బియ్యప్పిండి గిన్నె పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. అప్పుడప్పుడు ఒక గుర్రం నాకు వదిలేవాడు. ఆరో తరగతికి ఆశ్రమ పాఠశాలకి వెళ్ళాక అదంతా పోయింది. డ్రాయింగ్ పీరియడ్ టైంటేబుల్లో ఉండేది గానీ ఆ గంటలో లెక్కలు చెప్పేవారు. ఇంటర్ సంగతి మీకు తెలిసిందే. అలా ఎనిమిదేళ్ళు.

కిందటేడు నోట్సు వెనక పేజీలో ఊరికే మనుషుల వరస ఒకటి గీశాను. రూమ్మేట్ చూసి "వార్లీ భలే వేశావురా" అన్నాడు. వాడి తప్పు లేదు. వార్లీ వాళ్ళది మహారాష్ట్ర, వాళ్ళ జివ్య సోమ మాశేకి 2011లో పద్మశ్రీ కూడా వచ్చింది, కాబట్టి అందరికీ ఆ పేరే తెలుసు. కానీ మాది వార్లీ కాదు. వార్లీ మనిషి అంటే రెండు త్రికోణాలు మొన దగ్గర కలిసినట్టు ఉంటాడు. మా మనిషి కొంచెం సాగి ఉంటాడు, నడుం దగ్గర అంత పదును ఉండదు. ఇంకొకటి, మేము ముందు చుట్టూ గడి గీసి తరవాత లోపల నింపుకుంటూ వస్తాం. ఇదంతా ఆ రోజు వాడికి చెప్పడానికి నాకు మాటలు రాలేదు, గీసి చూపించాల్సి వచ్చింది. అలా మొదలైంది మళ్ళీ.

సెలవులకి వెళ్ళి కవర్లో ఎర్రమట్టి తెచ్చుకున్నాను. జల్లించి, నీళ్ళలో కలిపి అట్ట మీద పూస్తే ఆరాక బీటలిచ్చింది. ఫెవికాల్ కొంచెం కలిపితే ఆగింది. హాస్టల్లో బియ్యం రుబ్బడం కుదరదు, తెల్ల పోస్టర్ కలరే. పుల్ల మాత్రం వెదురుదే, కొన నలగ్గొట్టి వాడుతున్నాను. బ్రష్షుతో ఆ గీత రాదు.

అసలు ఇబ్బంది తాత దగ్గర వచ్చింది. ఫోన్లో చెప్తే సంతోషించి, వెంటనే అన్నాడు: "ఎయ్యి రా. గుర్రాలెయ్యి, మనుసుల్నెయ్యి. గడి మాత్రం ఎయ్యకు."

"ఏం తాతా?"

"అది ఇల్లురా. పెద్దోల్లని పిలిసి కూకోబెట్టే ఇల్లు. పిలిసి కూడెట్టకపోతే ఏటౌద్ది?"

ఒడిశా వైపు ఇడితాల్ అనేది ఇదే. మనకి అలంకారం కాదు, పూజ. ఇప్పుడు చీరల మీద, ఫైళ్ళ మీద గడితో సహా అమ్ముతున్నారు. అమ్మి బతికేవాళ్ళని నేనేమీ అనను, పొట్ట కదా. కానీ నేను సరదాకి వేసేవాణ్ణి, నాకు ఆ అవసరం లేదు. చిక్కేమిటంటే గడి తీసేస్తే నా బొమ్మ ఇంకా వార్లీలాగే కనిపిస్తుంది! దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రస్తుతానికి తాత మాటే వింటున్నాను. కాలేజీ ఫెస్టుకి గోడ మీద గడితో వెయ్యమన్నారు. చేతులు పట్టుకున్న నాట్యం వరస వేసిచ్చాను.

గడి లేకపోయినా కొత్తవి వెయ్యొచ్చు. వెరియర్ ఎల్విన్ 1940లలో సవర ఊళ్ళు తిరిగినప్పుడే గోడల మీద విమానాలు చూశాడు. మా పెద్దవాళ్ళు కంటబడిందల్లా వేసేశారన్నమాట. అందుకే నేను మెస్ లైను వేశాను, చేతిలో కంచాలతో నలభై మంది. ఇప్పుడు మా ఊరి బస్సు వేస్తున్నాను, టాపు మీద కోళ్ళ గంపతో సహా. ఫొటో పంపితే తాత ఇంట్లో ఎవరిదో ఫోన్లో పెద్దది చేసి చూసి, డ్రైవరేడి అని అడిగాడు. ఈ ఆదివారం కూర్చోబెట్టాలి.

మీ ఊళ్ళలో మట్టిగోడ మీద పాత బొమ్మ ఇంకా ఉంటే చెప్పండి. ఇంటివాళ్ళని అడిగాకే ఫొటో తియ్యండి, వద్దంటే వదిలేయండి.