వర్గ సమీకరణము – మూడు దారులు

మొగుళ్లపల్లి పరిసర గ్రామముల నుండి వచ్చి చదువుచున్న మాలో కొందరు తెలుగు మాధ్యమమునను, కొందరు ఉర్దూ మాధ్యమమునను పదవ తరగతి ముగించినవారము. ఒకరికి అది వర్గ సమీకరణము. మరొకరికి దో దర్జీ మసావాత్. పేర్లు వేరైనను భయమొక్కటే. సూత్రమును కంఠస్థము చేయుమనిరే గాని, అది ఎట్లు పుట్టినదో మాకు ఎవరును చెప్పలేదు. ఆ భయముచే గణితమునే విడిచిన మిత్రులు మాలో కలరు.

ఒక చిన్న లెక్కను తీసికొందము. ఒక నారుమడి పొడవు దాని వెడల్పు కంటె 10 గజములు ఎక్కువ. వైశాల్యము 39 చదరపు గజములు. వెడల్పును ‘య’ అనుకొన్నచో, య² + 10య = 39.

మొదటిది కారణాంకముల దారి. లబ్ధము 39, భేదము 10 అగు సంఖ్యలు 13, 3. కావున (య + 13)(య − 3) = 0. వెడల్పు 3 గజములు. ఇది సులభమే, కాని ప్రతి సమీకరణమునకును ఇట్టి సంఖ్యలు తేలికగా దొరకవు.

రెండవది పటముల దారి. ఇదే సమీకరణమును సుమారు 820లో బాగ్దాదున అల్ ఖ్వారిజ్మీ మాటలలో చెప్పి, పటముతో నిరూపించెను. ‘య’ భుజముగా చతురస్రమును గీసి, 10ని సగము చేసి, రెండు ప్రక్కల 5 గజముల పట్టీలను చేర్చవలెను. మూలలో మిగిలిన ఖాళీ 25. దానిని పూరింపగా 39 + 25 = 64. పెద్ద చతురస్రపు భుజము 8. అందు 5 తీసివేయగా 3.

మూడవది శ్రీధరాచార్యుని దారి. భాస్కరాచార్యుడు 1150 నాటి తన బీజగణితమున దీనిని ఉదాహరించెను. ఇరువైపులను 4చే గుణించి, 10 యొక్క వర్గమగు 100ని కలుపగా (2య + 10)² = 256. అనగా 2య + 10 = ±16. విలువలు 3, −13. మడికి ఋణపు వెడల్పు ఉండదు గనుక 3నే గ్రహింతుము. మధ్యలో భిన్నములు రాకుండుట దీని సుగుణము. మనము వల్లించు సూత్రము ఈ దారి చివరనే కలదు.

ఈ శాస్త్రము మన రెండు భాషలకును పరాయిది కాదు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును ఏనాడో తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అల్ ఖ్వారిజ్మీ గ్రంథనామములోని ‘అల్ జబ్ర్’ నుండియే ఆల్జీబ్రా అను పేరు పుట్టెను. జబ్ర్ అనగా ఉర్దూలో బలవంతము. అరబ్బీలో విరిగిన ఎముకను సరిచేసి కట్టుట అనియు అర్థము కలదు. మాకు ఇంతవరకు మొదటి అర్థమే అనుభవమైనది.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపము: సూత్రమునకు ముందు ఈ పటమును తరగతిలో గీయింపుడు. విద్యార్థి మిత్రులారా! ఒక్క లెక్కనైనను మూడు దారులలో చేసి చూడుడు. గణితమును విడిచిన మిత్రునికి కూడ ఆ కాగితమును చూపుడు.