కంప్యూటర్ డబ్బాలో నేను చూసినవి

నేను 9వ తరగతి చదువుతున్నాను. ఈసారి గోడ పత్రికకు కంప్యూటర్ గురించి రాస్తున్న. ముందుగాల ఒక తప్పు ఒప్పుకోవాలె.

దసరా సెలవులైనంక కంప్యూటర్ గది ఊడ్చే వంతు నాకు వచ్చింది. బల్ల కింద చెత్త తీయడానికి ఆ పెద్ద డబ్బాను కాలితోటి పక్కకు నెట్టిన. తెల్లారి టీచర్ స్విచ్ వేస్తే తెర నల్లగనే ఉన్నది. లోపలి నుండి కీ... కీ... అని చప్పుడు మాత్రం వచ్చింది. "ఎవరు ముట్టిన్రు?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను గానీ చెప్పలేదు.

బాపు ఎన్ని రోజులు కూలికి పోతే ఒక కంప్యూటర్ వస్తదో నోటుబుక్కు వెనుక లెక్క వేసిన. సగంలో ఆపేసిన. మూడు రోజులు అన్నం సయించలేదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. బాపుకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తడు. ఏ కాయితం పెట్టినా వేస్తడు. నా భయం అదే.

నాలుగో రోజు జగిత్యాల నుండి మెకానిక్ అన్న వచ్చిండు. కరెంటు వైరు పీకి, స్క్రూలు తీసి, పక్క మూత ఊడదీసిండు. నీళ్ళు ఇచ్చే నెపంతో నేను అక్కడనే నిలబడ్డ.

మనం ఆ డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటం గదా, అది తప్పట. లోపల పెద్ద ఆకుపచ్చ పలక ఉంటది, అది మదర్ బోర్డు. దాని మీద సన్నటి రాగి గీతలు, పొలాల నడుమ బాటల్లాగ. సీపీయూ అంటే ప్రాసెసర్, అగ్గిపెట్టె అంత కూడా ఉండదట. ఫ్యాన్ కింద ఉన్నది కాబట్టి నేను చూడలేదు. ఫ్యాన్ తిరగకపోతే వేడెక్కి మిషను దానంతట అదే ఆగిపోతదట. 1971లో ఇంటెల్ 4004 అనే ప్రాసెసర్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవని, ఇప్పటి వాటిల్ల వందల కోట్లు ఉంటున్నాయని తరువాత టీచర్ చెప్పింది. ఎట్ల పట్టినయో నాకు ఇంకా అర్థం కాలేదు.

వెనుక మూల ఉన్న ఇనుప పెట్టె ఎస్ఎంపీఎస్. గోడలోని 230 వోల్టుల కరెంటును తగ్గించి పసుపు వైరుకు 12, ఎరుపుకు 5, నారింజ రంగు దానికి 3.3 వోల్టులు ఇస్తది. దాని మీద ఒక ఎండిన బల్లి ఉన్నది!

పదో తరగతి అక్కలు టైపు చేసినవన్నీ పోయినయా అని అడిగిన. "అవి హార్డ్ డిస్క్‌ల ఉంటయి చెల్లె, కరెంటు పోయినా పోవు. ర్యామ్ పలక అసొంటిది, బంద్ చేస్తే తుడుచుకపోతది" అన్నడు. హార్డ్ డిస్క్ లోపలి బిళ్ళ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతదట. కొత్తగా వచ్చే ఎస్ఎస్‌డిలో తిరిగేది ఏమీ ఉండదట.

అప్పుడు ర్యామ్ పట్టీని పీకి "రబ్బరు ఉన్నదా?" అన్నడు. నా కంపాస్ డబ్బాలోది ఇచ్చిన. పట్టీకి ఉన్న బంగారు రంగు పళ్ళను మెల్లగ రుద్దితే రబ్బరు నల్లగైంది. మళ్ళ గట్టిగ నొక్కి పెట్టి స్విచ్ వేస్తే తెర వెలిగింది.

"అన్నా, డబ్బా నెడితే అది ఊడుతదా?" అన్న. "ఊడొచ్చు. దుమ్ము పట్టినా గిట్లనే అయితది" అన్నడు. ఏదో ఒకటి గట్టిగ చెప్పలేదు. టీచర్ అక్కడనే ఉన్నది. నేనే నెట్టిన అని చెప్పిన. టీచర్ కొంచెంసేపు నన్ను చూసి, "ఇగ నుంచి ఇద్దరు కలిసి చేతులతోటి జరపండి" అన్నది. బాపును పిలువలేదు.

తెర మీద తారీఖు మాత్రం 2009 జనవరి 1 చూపించింది. మళ్ళ గుండె ఆగినట్టైంది. అది నా వల్ల కాదు, మదర్ బోర్డు మీద బ్యాటరీ అయిపోయిందట. రూపాయి బిళ్ళంత ఉంటది, పేరు సీఆర్ 2032, 3 వోల్టులు. మిషను బంద్ ఉన్నప్పుడు గడియారాన్ని నడిపించేది అదే.

ఈ పేర్లన్నీ గోండిలో మా అవ్వకు ఎట్ల చెప్పాలో తెలుస్తలేదు. సంక్రాంతికి పోయినప్పుడు బొమ్మ గీసి చూపిస్త. పాత బ్యాటరీ నా పెట్టెలో ఉన్నది, చూడాలనుకున్నోళ్ళు సాయంత్రం ఆటల తరువాత రండి. చిన్నపిల్లల చేతికి మాత్రం ఇయ్యను, మింగితే ప్రమాదమని అన్న చెప్పిండు.