కాకుమాను.. ఏ జిల్లా?

డిగ్రీ అయ్యాక ఏ అప్లికేషన్ నింపినా జిల్లా గడి దగ్గర ఇంట్లో చర్చే. మాకు బజారుకైనా సినిమాకైనా బాపట్లే. అయినా 2022 ఏప్రిల్ 4న బాపట్ల విడి జిల్లా అయితే, కాకుమాను గుంటూరులోనే ఉండిపోయింది. దాదాపుగా లోక్‌సభ సీట్ల లెక్కన జిల్లాలు గీశారు మరి! మా ఓటు ప్రత్తిపాడు కింద గుంటూరుకే.

తాతయ్యకి ఇదంతా పట్టదు. ఆయన అడ్రసు కొమ్మమూరు కాలువ. ఒకప్పుడు పడవలు అందులోంచి పెదగంజాం చేరి, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా వెళ్లేవి. ఇప్పుడు మేం ఎదురుచూసేది నీళ్ల కోసం. పైన దుగ్గిరాల వైపు తడిశాకే దిగువనున్న మా వంతు. ఆలస్యమైతే నాట్లు వెనక్కి, వరి కోతకి ముందు చల్లే మినుములూ వెనక్కే.

"కలెక్టరు ఏ ఊళ్లో కూచుంటే ఏంరా, నీళ్లెప్పుడు వదులుతారో ఆ ఫోన్లో చూసి చెప్పు" అంటాడు.