వెనక నిలబడేవాడు

పిల్లలూ! మీరు ఫుట్‌బాలు ఆడటానికి జట్లు పంచుకునేటప్పుడు ఏమవుతుందో నాకు తెలుసు. "నేను ముందు ఆడతాను," "కాదు, నేను ముందు ఆడతాను," అని అందరూ అరుస్తారు. వెనక బాకుగా నిలబడమంటే ఒక్కడూ ఒప్పుకోడు. చివరికి ఎవడు నెమ్మదస్తుడో, ఎవడు ఎదురు చెప్పడో, వాణ్ణి తీసుకుపోయి గోలు దగ్గిర నిలబెడతారు. ముప్ఫై యేళ్లకు పైగా బడిపిల్లల ఆట చూసినవాణ్ణి. ఎక్కడ చూసినా ఇదే తంతు.

ఈ నెల మీకు అల్లా వెనక నిలబడిన ఒక గొప్ప ఆటగాడి సంగతి చెబుతాను. అంతకన్నా ముందు నేను చేసిన ఒక పొరపాటు సంగతి చెప్పాలి. హెడ్మాష్టర్లు పొరపాట్లు చెయ్యరని మీరు అనుకుంటారేమో. చేస్తారు. వాటికింద ఎర్రసిరాతో గీత గీసేవాళ్లు ఉండరు, అంతే తేడా.

2009లో మా బడి జట్టు పక్క ఊరివాళ్లతో ఆడి ఒక్క గోలు తేడాతో గెలిచింది. గోలు కొట్టిన కుర్రవాణ్ణి పిల్లలు భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. వార్షికోత్సవం నాడు నేను వాడికి కప్పు ఇచ్చి, సభలో మెచ్చుకుంటూ మాట్లాడాను. ఆ జట్టులోనే పదోతరగతి కుర్రవాడొకడు బాకు ఆడేవాడు. అవతలివాళ్లు మీదమీదికి తెచ్చిన బంతిని వాడు అరడజనుసార్లు అడ్డుకున్నాడు. రెండు మోకాళ్లూ గీరుకుపోయాయి. సభలో నేను వాడి పేరు ఎత్తనేలేదు. అంతా అయిపోయాక బెంచీలు లోపలికి మోస్తూ వాడు నన్ను అడిగాడు: "మాష్టారూ, గోలు కొట్టకపోతే ఆడినట్టు కాదాండీ?"

"ఆడినట్టే లేరా," అని నవ్వి వెళ్లిపోయాను. ఆ తరవాత వాడు మైదానానికి రావటం మానేశాడు. పరీక్షలకు చదువుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. 2010లో పరీక్షలు రాసి బడి విడిచి వెళ్లిపోయాడు.

ఇక అసలు కథకు వద్దాం.

స్పెయిన్ దేశంలో ఈశాన్య మూల కాటలోనియా అనే ప్రాంతం ఉంది. అక్కడ పిరెనీస్ పర్వతాల దాపున లా పోబ్లా దె సెగూర్ అనే చిన్న ఊరు. 1978 ఏప్రిల్ 13న ఆ ఊళ్లో కార్లెస్ పుయోల్ పుట్టాడు. బడిలో మొదట గోల్‌కీపరుగా ఆడేవాడు. భుజాలకు దెబ్బలు తగలటంతో ఆ పని మానుకుని ముందువరసలోకి వచ్చాడు. అతని తల్లిదండ్రులకు ఫుట్‌బాలు మీద అంత నమ్మకం లేదు. చదువుకోమని చెబుతూ ఉండేవారు. ఈ మాట మీరూ ఎక్కడో విన్నట్టుంది గదూ!

1995లో, పదిహేడో యేట, బార్సిలోనా నగరంలోని పేరుమోసిన క్లబ్బు అతన్ని చేర్చుకున్నది. ఆ క్లబ్బువాళ్లు 1702లో కట్టిన ఒక పాత రైతు ఇంట్లో కుర్రాళ్లను ఉంచి చదువూ ఆటా చెప్పించేవారు. దాని పేరు లా మాసియా. చాలామంది అక్కడికి పసితనంలోనే వచ్చేవారు. పుయోల్ ఆలస్యంగా వచ్చినవాడు. అతన్ని మొదట మైదానం నడుమ ఆడించారు, తరవాత కుడిపక్క బాకుగా మార్చారు, చివరికి గోలుకు ఎదురుగా నట్టనడుమ నిలబెట్టారు. ఏ చోట నిలబడమంటే ఆ చోట నిలబడి, అక్కడి పని నేర్చుకున్నాడు.

1998లో క్లబ్బు అతన్ని మాలగా అనే ఊరి జట్టుకు ఇచ్చెయ్యటానికి ఒప్పుకున్నది. పుయోల్ వెళ్లనన్నాడు. అతని స్నేహితుడు షావి అప్పుడే పెద్దజట్టులో ఆడటం మొదలుపెట్టాడు. తనకూ ఆ రోజు వస్తుందనుకుని పుయోల్ ఉండిపోయాడు. 1999 అక్టోబరు 2న ఆ రోజు వచ్చింది.

మరుసటి సంవత్సరం అతనికి పెద్ద పరీక్ష ఎదురైంది. ఫీగో అనే మేటి ఆటగాడు బార్సిలోనాను విడిచి, ఆ జట్టుకు బద్ధశత్రువైన రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. అతను మళ్లీ బార్సిలోనాకు ఆడటానికి వచ్చిననాడు అతన్ని కదలనివ్వకుండా చూసే పని పుయోల్‌కు అప్పగించారు. పుయోల్ నీడలాగా వెన్నంటి తిరిగాడు. బార్సిలోనా రెండు గోల్సుతో గెలిచింది. 2002లో మాస్కో జట్టుతో ఆడినప్పుడైతే, గోల్‌కీపరు దాటిపోయాక వచ్చిన బంతికి తన రొమ్మునే అడ్డం పెట్టి ఆపాడు.

2004లో అతను కెప్టెను అయాడు. ఆట మానేదాకా, అంటే పదేళ్లపాటు, అతనే కెప్టెను. కెప్టెనంటే కేకలు వేసేవాడని కొందరు అనుకుంటారు. పుయోల్ చేసిన రెండు పనులు చెబుతాను, వినండి.

2012 ఏప్రిల్‌లో రాయో వయ్యెకానో అనే చిన్న జట్టు మీద బార్సిలోనా ఏడు గోల్సు కొట్టింది. అయిదోది పడగానే ఇద్దరు బార్సిలోనా ఆటగాళ్లు సంతోషం పట్టలేక చిందులు తొక్కసాగారు. పుయోల్ గబగబా వచ్చి వాళ్లను విడదీసి, వెనక్కు నడిపించాడు. ఓడిపోతున్నవాళ్ల ఎదట అల్లా చెయ్యకూడదని అతని ఉద్దేశం.

రెండోది అంతకు యేడాది ముందు సంగతి. అతని జట్టులో అబిదాల్ అనే ఫ్రెంచి ఆటగాడికి కాలేయంలో కంతి లేచి, 2011 మార్చిలో ఆపరేషను అయింది. మే 28న లండనులో యూరపు కప్పు చివరి ఆట. అబిదాల్ కోలుకుని ఆ రోజు ఆటంతా ఆడాడు. బార్సిలోనా గెలిచింది. కప్పు అందుకుని ముందుగా పైకెత్తటం కెప్టెను హక్కు. పుయోల్ తన చేతి పట్టీ తీసి అబిదాల్ చేతికి కట్టించి, కప్పు అతని చేతికే అందేట్టు చేశాడు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. 2010లో దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. జులై 7న డర్బన్ నగరంలో స్పెయిన్‌కూ జర్మనీకీ సెమీఫైనలు. మన గడియారం ప్రకారం ఆట మొదలయేది అర్ధరాత్రి పన్నెండింటికి. మా హాస్టలు పిల్లలు టీవీ చూస్తామని ప్రాణం తీశారు. మర్నాడు క్లాసులో ఎవరూ కునుకు తియ్యకూడదన్న షరతు మీద ఒప్పుకుని, నేనూ వాళ్లతో కూచున్నాను.

జర్మనీ అప్పటికి ఇంగ్లండును 4-1తోనూ, అర్జెంటీనాను 4-0తోనూ చిత్తు చేసి వచ్చింది. ఒంటిగంట దాటినా ఎవరికీ గోలు పడలేదు. 73వ నిమిషంలో స్పెయిన్‌కు కార్నరు దొరికింది. షావి బంతిని గాలిలోకి లేపాడు. వెనకనించి పుయోల్ ఉరికి వచ్చి, ఎగిరి, నుదుటితో బలంగా కొట్టాడు. గోలు! స్పెయిన్ గెలిచింది. నాలుగు రోజుల తరవాత ఫైనల్లో నెదర్లాండ్సును కూడా ఓడించి, మొట్టమొదటిసారి ప్రపంచ కప్పు తీసుకుపోయింది.

పుయోల్ ఎత్తు 1.78 మీటర్లు. జర్మనీ బాకు మెర్టెసాకర్ అతనికన్నా దాదాపు జానెడు పొడుగు. మరి పొట్టివాడికి బంతి ఎల్లా అందింది? మీరే చేసి చూడండి. గోడపక్కన నిలబడి, ఉన్నచోటునించే ఎగిరి, అందినంత ఎత్తున సుద్దముక్కతో గీత పెట్టండి. తరవాత నాలుగడుగులు పరుగెత్తుకొచ్చి ఎగిరి గీత పెట్టండి. రెండో గీత పైన ఉంటుంది. కాలితో నేలను గట్టిగా తన్నినప్పుడు పరుగులోని వేగం కొంత పైకి మళ్లుతుంది. అంతే కాదు, ముందుకు దూసుకువచ్చే శరీరపు వేగం బంతికి తోడవుతుంది. జర్మనీవాళ్లు గోలు దగ్గిర కాచుకుని నిలబడ్డారు. పుయోల్ దూరంనించి పరుగెత్తుకొచ్చాడు. వెనక ఉన్నవాడికే పరుగెత్తటానికి చోటు ఉంటుంది!

స్పెయిన్ తరపున పుయోల్ నూరు ఆటలు ఆడి కొట్టినవి మూడే గోల్సు. అందులో ఇది ఒకటి. తక్కిన ఆటలన్నిటిలో అతను చేసిందేమిటి? అవతలివాళ్లకు గోలు పడకుండా చూశాడు. పడని గోల్సును పలక మీద రాయరు. అందుకే మనకు అవి కనిపించవు. మోకాళ్లు ఇక సహకరించక 2014లో అతను ఆట మానుకున్నాడు. అప్పటికి బార్సిలోనాకు 593 ఆటలు ఆడాడు; పెద్దజట్టుకు వచ్చాక మరో క్లబ్బుకు ఎన్నడూ ఆడలేదు.

ఆ రాత్రి గోలు పడగానే పిల్లలంతా కేకలు వేస్తూ గంతులు వేశారు. నాకు మటుకు బెంచీ మోస్తున్న ఆ కుర్రవాడు కళ్ల ముందు నిలిచాడు. వాడు అడిగినదానికి నేను ఇవ్వవలసిన జవాబు ఆ టీవీలో కనిపించింది. కాని వాడు మా బడిలో లేడు. మర్నాడు క్లాసులో కునుకు తీసింది ఎవరనుకున్నారు? నేనే. పిల్లలు చూసి కూడా మర్యాదగా ఊరుకున్నారు.

ఆ వారంలోనే వాడికి ఉత్తరం రాశాను. "నువ్వు ఆపిన బంతుల్లో ఒక్కటి లోపలికి పోయినా మనం గెలిచేవాళ్లం కాదు. ఈ మాట సభలో చెప్పకపోవటం నా తప్పు," అని రాశాను. జవాబు రాలేదు. అందిందో లేదో కూడా నాకు తెలీదు. ఆ యేటినించి మా వార్షికోత్సవంలో జట్టులో పదకొండుమందినీ వేదిక మీదికి పిలిచి, ఒక్కొక్కడు ఏ పని చేశాడో చెప్పటం మొదలుపెట్టాను. అయినా ఆ ఒక్కడికి చెప్పవలసిన రోజున చెప్పలేకపోయాననే బాధ నాకు పోలేదు.

పిల్లలూ, రేపు సాయంకాలం ఆట అయిపోయాక గోలు కొట్టినవాణ్ణి తప్పకుండా మెచ్చుకోండి. తరవాత ఒకసారి వెనక్కు తిరిగి చూడండి. అక్కడ దుమ్ము దులుపుకుంటూ ఒకడు నిలబడి ఉంటాడు. వాడి దగ్గిరికి వెళ్లి, "నువ్వు ఉండబట్టి గెలిచాంరా," అని చెప్పండి. ఎల్లుండికి వాయిదా వెయ్యకండి. నేను వాయిదా వేసి చూశాను.