క్లచ్ ప్లేటు – కూలి లెక్క

మోటారు బండి బాగుచేయించిన వారికి బిల్లులో రెండు పద్దులు కనిపిస్తాయి: సామాను ఖరీదు, పనికూలి. సామాను కంటికి కనిపించే వస్తువు గనుక దాని ధరపై తగాదా తక్కువ. కూలి దగ్గరనే గొంతు లేస్తుంది. ఈ తగాదాలో న్యాయం తరచు మేస్త్రీ పక్షాననే ఉన్నదని మా అభిప్రాయం.

ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ ఉండి, పెడలు తొక్కినప్పుడు పొత్తు విడదీసి, వదలినప్పుడు కలిపేది క్లచ్. అందులోని ప్లేటు రాపిడితో పనిచేస్తుంది గనుక అరుగక తప్పదు. మిర్చి కోతల కాలంలో టిక్కీల లారీల వెనుక చిలకలూరిపేట నుండి గుంటూరుకు నత్తనడక నడిచే బండ్లలో ఈ అరుగుదల మరీ అధికం.

మా ఇంటి మారుతి 800 అటువంటి రోజులలోనే మొరాయించినది. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయిన రకం బండి అది. ఇంజను అరుస్తున్నది గాని వేగం అందుకొనదు. గుంటూరు ఆటోనగరులో ఒక షెడ్డుకు చేర్చి, ప్రక్క బల్లపై కూర్చున్నాము.

ఉదయం తొమ్మిదికి పని ఆరంభమైనది. బ్యాటరీ తీగలు, క్లచ్ కేబులు, స్పీడోమీటరు కేబులు, సెల్ఫ్ మోటారు విప్పారు. గేరు ఆయిలు దింపారు. ముందు చక్రాల యాక్సిళ్ళను లాగి, ఇంజను జారకుండా ఆనిక పెట్టి, గేరుబాక్సు క్రిందికి దించేసరికి మధ్యాహ్నమైనది. పాత ప్లేటు రివెట్ల దాకా అరిగి ఉన్నది. క్రొత్తది బిగించుటకు ఇరవై నిమిషాలు పట్టినది. అందులో సగం దానిని సరిగా నడిమధ్యకు తెచ్చుటకే. అది తప్పితే గేరుబాక్సు షాఫ్టు దూరదు.

"ఇంత చిన్న బిళ్ళకు ఇంత కూలియా, సాహెబుగారూ?" అని మాలో ఒకరు అడిగారు.

"బిళ్ళకు కాదు బాబూ, దానిదాకా పోయి రావడానికి," అన్నారాయన.

కుర్రవాడు లోపలి దుమ్మును నోటితో ఊదబోగా ఆయన వారించి తడిగుడ్డ అందించారు. పూర్వపు ప్లేట్ల పూతలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

కంపెనీ వర్కుషాపులలో ఏ పనికి ఎన్ని గంటలో ముందే నిర్ణయించిన పట్టిక ఉంటుంది. షెడ్డులో గుత్త బేరం. తుప్పుపట్టిన బోల్టు గంటసేపు కదలకపోతే ఆ గంట మేస్త్రీదే. కిలో లెక్కన పత్తి తీసే మన ప్రాంతంలో ఇది వింత కాదు. చివరి తీతలో కాయ పలుచబడి, కిలో నిండుటకు మరిన్ని సాళ్ళు తిరగవలసి వస్తుంది. కూలి మాత్రం కిలోకే.

గేరుబాక్సు దిగి ఉండగానే రిలీజు బేరింగు, ఇంజను వెనుక ఆయిల్ సీలు కూడ మార్పించాము. సీలు ఖరీదు స్వల్పం. తరువాత అది కారి నూనె ప్లేటుపై పడితే ఈ కూలి అంతా మరల మొదటి నుండి.